చూసుకో

"నువ్వెలాగూ ఊరికే చదువుతూనే ఉంటావుగా, బాగున్నవి నాలుగు పక్కన పెట్టు" అన్నాడు భర్త, మొదటిసారి. అప్పుడామె ఆరిన బట్టలు మడతపెడుతోంది. మంచం మీద బట్టల కుప్ప, పక్కన దిండుకి ఆనించిన ఫోన్, ఫోన్‌లో ఎక్కడో ఒక నగరంలో రాత్రిపూట దీపాలు తగ్గించాక పక్షులు మళ్లీ గూళ్లు కట్టుకున్న సంగతి. చొక్కా చేతులు వెనక్కి మడిచి, కాలర్ సరిచేసి, వేలి కొసతో పేజీని పైకి జరిపి, ఇంకో చొక్కా అందుకుంటోంది. ఆ చదవడాన్ని ఆయన "ఊరికే" అన్నాడు. మడతపెట్టడాన్ని ఏమీ అనలేదు. అది ఆయన కంటికి ఆననే లేదు.

ఆయన కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాడు. ఒక ఆన్‌లైన్ పత్రిక వాళ్లు వారం వారం ఒక శీర్షిక నడపమని ఆయన్ని అడిగారు. ఇంటర్నెట్లో కనబడిన ఆసక్తికరమైన సంగతులు ఏరి, ఒక్కోదానికి చిన్న పరిచయం రాసి, కింద అసలు వ్యాసానికి లింకు పెట్టాలి. టెక్నాలజీ కావచ్చు, సమాజం కావచ్చు, సంస్కృతి కావచ్చు. "వలలో పడినవి" అన్న పేరు గిన్నెలు కడుగుతూ ఆమే చెప్పింది. ఆయన భేష్ అని, వెంటనే పత్రికకి ఫోన్ చేసి, "ఇప్పుడే ఒక పేరు తట్టిందండీ" అన్నాడు. కుళాయి కట్టేయకుండానే ఆమె ఆ మాట వింది.

మొదట్లో లింకులు మాత్రమే పంపేది. తర్వాత ఆయన, "ఇవన్నీ చదివే తీరికెక్కడిది, విషయమేమిటో ఒక్క ముక్కలో రాసి పంపు" అన్నాడు. ఆ ఒక్క ముక్క రెండు వాక్యాలైంది. రెండు వాక్యాలు కాస్తా పేరా అయ్యాయి. చివరికి గురువారం సాయంత్రం ఆమె పంపిన మెయిలు మీద తన పేరు చేర్చి పత్రికకి పంపడం ఆయనకి అలవాటైపోయింది. అలాగని ఆయన మోసగాడేమీ కాదు. ఎవరైనా శీర్షిక బాగుందంటే, "మా ఆవిడ కూడా సాయం చేస్తుంది" అని మనస్ఫూర్తిగా చెప్పేవాడు. వాళ్ల అమ్మాయి పండు మాత్రం, "నాన్నా, వల అమ్మది, ఈత అమ్మది, నువ్వు ఒడ్డున బుట్ట పట్టుకుని నిలబడతావు" అనేది. ఆయన పగలబడి నవ్వేవాడు. ఆ జోకు తన స్నేహితులకి కూడా చెప్పాడు. చెప్పేటప్పుడు అది తన జోకే అయింది.

నిజానికి ఆమెకి పెద్దగా బాధ కలగలేదు. ఆమె ఒక రవాణా కంపెనీలో బిల్లులు సరిచూసే పని చేస్తుంది. పోతూ వస్తూ బస్సులో, బిల్లుల మధ్య ఖాళీలో, పొయ్యి మీద నీళ్లు కాగేలోపు చదివేది. పాడైపోయిన ఆటబొమ్మలకి మరమ్మతు చేసే వాళ్లు, ఎవరూ మాట్లాడని భాషల్లో నిఘంటువులు రాసేవాళ్లు, పాత టెలిఫోన్ల మోతల్ని భద్రపరిచే పిచ్చివాడు, ఆడవాళ్ల అరచేతికి పట్టని ఫోన్లని తయారుచేసిన కంపెనీల మీద వ్యాసం. వీటిని చదువుతుంటే ఆమెకి ఇంట్లోంచి ఒక కిటికీ తెరుచుకున్నట్టుండేది. కిటికీ తెరిచినందుకు పేరేమిటి, గాలి వస్తే చాలదా అనుకునేది. అలా అనుకోవడం కూడా ఒక అలవాటే. పత్రికలో ఆమె వాక్యాలు కామాతో సహా అచ్చయి కనబడినప్పుడు, తన చొక్కాని ఎవరో తొడుక్కుని ఎదురొచ్చినట్టు ఒక్క క్షణం ఆగి, తర్వాత పేజీని పైకి జరిపేసేది.

ఆ మధ్య పండు మాట్లాడే యంత్రాన్ని ఒకదాన్ని తెచ్చి వంటింటి అరలో పెట్టింది. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. దీపాలు వేస్తుంది, పాటలు పెడుతుంది, సమయం చెబుతుంది. దానికి చిలక అని పేరు పెట్టారు. అత్తగారికి అది తెగ నచ్చింది. "చిలకా, లైటు తీసెయ్ అమ్మా" అని ముద్దుగా అడిగేది. కోడలిని అమ్మా అని పిలిచిన సందర్భాలు ఆవిడకీ గుర్తుండవు.

ఒక ఆదివారం పొద్దున అత్తగారు కాఫీ తాగుతూ, "చిలకా, రేపటినుంచి నా మందుల సంగతి చూసుకో" అంది.

"క్షమించండి. ఏ మందులో, ఏ సమయానికో చెప్పండి" అంది చిలక.

"పేర్లు నాకేం తెలుసే? ఎర్రది ఒకటి, చేదుగా ఉండేది ఒకటి. మా కోడల్ని అడుగు."

"క్షమించండి. నాకు అర్థం కాలేదు."

"దీనికేమీ తెలీదు" అంది ఆవిడ, యంత్రం పరువు పోకూడదన్నట్టు గొంతు తగ్గించి.

ఆయన పేపర్ పక్కన పెట్టి, "నువ్వుండమ్మా, నీకు అడగడం రాదు" అని గొంతు సవరించుకున్నాడు. "చిలకా, శనివారం మా స్నేహితులు భోజనానికి వస్తున్నారు. చూసుకో."

ఎంతమంది వస్తున్నారని అడిగింది అది. చెప్పాడు. ఏ సమయానికని అడిగింది. చెప్పాడు. ఎవరైనా తినకూడనివి ఉన్నాయా అని అడిగింది. ఆయన భార్య వైపు చూశాడు. ఏమేమి వండాలి, ఇంట్లో ఏమున్నాయి, ఏవి కొనాలి, కొనడానికి ఎప్పుడు వెళ్లాలి, గుర్తుచేయాలా? ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉంది. ఆయనకి విసుగొచ్చింది. "అబ్బ, ప్రాణం తీస్తోంది. వదిలెయ్. నువ్వే చూసుకోవోయ్" అన్నాడు ఆమెతో. ఆమె అప్పటికే ఫ్రిజ్ తలుపు తీసి ఏమున్నాయో చూస్తోంది.

ఆ గురువారం నాలుగో అంశం దొరకలేదు. ఆఫీసులో నెలాఖరు బిల్లులు, ఇంట్లో శనివారం భోజనాలు, చదవడానికి సందే చిక్కలేదు. బస్సులో నిలబడి, పైనున్న కమ్మీని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో ఆమె ఇలా రాసింది:

"యంత్రాలకి ఇంకా అర్థం కాని మాట ఒకటుంది: చూసుకో. ఒక ఇంట్లో మాట్లాడే యంత్రాన్ని తెచ్చారు. దానికి పని చెప్పాలంటే ఏ పని, ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్నీ విడమరచాలి. అవన్నీ ఆలోచించి చెప్పేసరికి సగం పని చెప్పినవాళ్లే చేసినట్టవుతుంది. ఇన్నాళ్లూ ఆ సగం ఎవరి తలలో జరుగుతూ వచ్చిందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. యంత్రం మొరాయించిందని మాత్రం అందరూ అన్నారు."

కింద లింకు పెట్టలేదు. పెట్టడానికేమీ లేదు. ఆయన ఎప్పటిలాగే చదవకుండా పంపేశాడు.

మరుసటి వారం మధ్యలో పత్రిక సంపాదకురాలు ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టి గోళ్లు తీసుకుంటున్నాడు. "సార్, 'చూసుకో' అన్న మాట గురించి రాశారే, దానికొచ్చినన్ని ఉత్తరాలు మనకి ఎప్పుడూ రాలేదు. మా ఆఫీసులో ఆడవాళ్లందరం ఒకరికొకరం పంపుకున్నాం. లింకు మాత్రం మర్చిపోయారు. మూలం ఏమిటని అడుగుతున్నారు."

"ఇప్పుడే పంపుతానండీ" అన్నాడాయన. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఏమోయ్, ఆ 'చూసుకో' ముక్క లింకేదీ?"

"దానికి లింకు లేదు."

"లేకపోవడమేమిటి? ఆ పేజీ తీసేశారా?"

"కాదు. నేను రాశాను."

"రాసేది నువ్వేలే, ఎక్కడ చదివి రాశావు అని."

"ఎక్కడా చదవలేదు. ఇక్కడ జరిగిందేగా. మీరూ ఉన్నారు."

ఆయన కాసేపు గోరు వైపు చూసుకున్నాడు. తర్వాత జాలిగా, పరీక్షలో తెల్లమొహం వేసిన విద్యార్థితో మాట్లాడినట్టు, "లేదోయ్, ఎక్కడో చదివే ఉంటావు. ఇన్ని చదువుతావు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. కంగారు లేదు, నెమ్మదిగా గుర్తుచేసుకో" అన్నాడు.

విచిత్రమేమిటంటే ఆమె నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. ఆయన గొంతులో కోపం ఉంటే ఎదురు తిరిగేదేమో, జాలి ఉండడంతో తన మీద తనకే అనుమానం పట్టుకుంది. మర్నాడు బస్సులో కూర్చోగానే ఆ మాటల్ని ఇంటర్నెట్లో వెతికింది. మాటలు మార్చి వెతికింది, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి జరిపి వెతికింది. ప్రతిసారీ భయమే, ఎక్కడైనా దొరుకుతుందేమోనని. ఇన్నేళ్లుగా వెతికినవి దొరకాలని కోరుకున్న మనిషి ఇప్పుడు దొరకకూడదని కోరుకుంటోంది. దొరకలేదు. ఎక్కడా లేదు. వెతికితే దొరకనిది ఒకటి తన దగ్గరుందని తెలిసి, దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇంట్లో అత్తగారికి కూడా కబురు చేరింది. "మందుల మాట అన్నది నేనే కదే? నన్ను పేపర్లోకెక్కించావా?" అని మూతి ముడిచింది. ఆ వెంటనే, "మావాడు లింకంటాడేమిటి? నేనన్న మాటకి లింకేమిటి, నోరుండగా?" అంది. ఆ ముసలి నోట్లోంచి ఆ మాట రావడం ఆమెకి సంతోషంగానే ఉంది కానీ, తను రాసింది తనదేనని తేల్చడానికి సాక్షులు కావాల్సి రావడం నచ్చలేదు.

ఆ శుక్రవారం ఆయన హుషారుగా ఇంటికొచ్చాడు. "ప్రత్యేక సంచికకి దాని మీదే పెద్ద వ్యాసం అడిగారు. విషయం నీకు తెలుసుగా, నువ్వు రాసెయ్, నేను కాస్త సిద్ధాంతం కలిపి పంపుతా. సోమవారానికి కావాలి. చూసుకో."

తను 'చూసుకో' అన్న సంగతి ఆయన చెవినే పడలేదు. చిలక కూడా పలకలేదు, పేరు పెట్టి పిలవలేదు మరి.

"పేరు?" అంది ఆమె.

"ఏం పేరు?"

"వ్యాసానికి."

"అదేమిటి, కొత్తగా? మన మధ్య నీదీ నాదీ ఏమిటి? అయినా ఒక మాట చెబుతా, ఏమీ అనుకోకు. నా పేరుంటే అది పరిశీలన అవుతుంది. నీ పేరు పెడితే ఎవరో ఇంట్లో పోట్లాడి రాసుకున్నట్టుంటుంది."

ఆమె ఏమీ అనుకోలేదు. ఆ మాటని బిల్లులో అంకెని చూసినట్టు చూసింది. తప్పు లేదు. లోకంలో అలాగే ఉంటుంది, ఆయన ఉన్నదే చెప్పాడు. ఒకే వాక్యం, ఒకే కామా. కింద మగపేరుంటే జ్ఞానం, ఆడపేరుంటే సణుగుడు. అయితే ఆ వాక్యాన్ని జ్ఞానం చెయ్యడం కోసం ఆయనకి ఇచ్చేస్తే, సణుక్కునే హక్కు కూడా తనకి మిగలదని ఆమెకి అప్పుడే తోచింది.

శనివారం సగం రోజు ఆఫీసు. అందరూ వెళ్లిపోయాక కూర్చుని రాసింది. మధ్యలో పక్క విభాగం అతను తలుపు దగ్గరకొచ్చి, "మేడమ్, మేనేజర్‌గారి వీడ్కోలు సభ మీరైతే బాగా చూసుకుంటారని అందరూ..." అన్నాడు.

"ఎంతమంది? ఎక్కడ? డబ్బులు ఎవరు వసూలు చేస్తారు? దండ ఎవరు తెస్తారు? ఆ రోజు కుర్చీలు ఎవరు వేస్తారు?" అంది ఆమె తల తిప్పకుండా.

అతను కనుక్కుని వస్తానని వెళ్లాడు. తిరిగి రాలేదు.

వ్యాసాన్ని ఆయనకి పంపలేదు. నేరుగా సంపాదకురాలికి పంపింది. "మీరు అడిగిన లింకు లేదు. ఆ అంశం నేను రాసింది, మా వంటింట్లో జరిగింది. ఇదీ నేను రాసిందే. నా పేరుతో అయితే వేసుకోండి, లేకపోతే వద్దు" అని పైన రాసింది. మిగతా వారాల సంగతి రాయలేదు. సంపాదకురాలు అడిగితే చెబుతుంది. అడగలేదు. "రెండుసార్లు చదివాను. వేస్తున్నాం" అని జవాబొచ్చింది, అంతే. సోమవారం ఆయన అడిగితే పంపేశానని చెప్పింది. సిద్ధాంతం కలిపే శ్రమ తప్పినందుకు ఆయన సంతోషించాడు.

వ్యాసం వచ్చిన రోజు సాయంత్రం ఆమె ఆఫీసునుంచి వచ్చేసరికి ఆయన ముందుగదిలో కంప్యూటర్ ఎదుట కూర్చుని ఉన్నాడు. తెర మీద ఆమె పేరు ఉంది, పెద్ద అక్షరాల్లో.

"నాతో ఒక్క మాట అనాల్సింది" అన్నాడు.

"అన్నాను. గుర్తుచేసుకోమన్నారు."

ఆయన ముఖం చిన్నబోయింది. "సరే, అయిందేదో అయింది. ఈ వారం శీర్షికలో మొదటి అంశం ఇదే ఉండాలట, సంపాదకురాలు పట్టుబట్టింది. ఇంకాసేపట్లో పంపాలి. రెండు వాక్యాలు చెప్పు, టైపు చేసుకుంటా" అన్నాడు.

మామూలుగా అయితే ఆమె గుమ్మంలో నిలబడే, చేతులు తుడుచుకుంటూ చెప్పేది. ఇవాళ బ్యాగు భుజం మీదనుంచి దించి, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"నేను రాసినదాని గురించి నేనెలా చెప్పను? మీరు చదివి, మీకేమనిపిస్తే అది రాయండి."

"మొత్తం చదవాలా?"

"మొత్తం."

ఆయన పేజీని ఒకసారి అడుగుదాకా జరిపి ఎంత పొడుగుందో చూశాడు. మళ్లీ పైకొచ్చాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. మొదట హాజరుపట్టీలో సంతకం పెట్టేవాడిలా గబగబా, తర్వాత కాస్త మెల్లగా. ఒకచోట ఆగి, నాలుగు లైన్లు వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. లోపల్నుంచి అత్తగారు దీపం వెయ్యమని చిలకని అడిగింది. ఆమె కదల్లేదు. తను రాసింది ఎదురుగా ఒకరు చదువుతుంటే ఎలా ఉంటుందో ఆమెకి ఇంతవరకూ తెలీదు. పెద్దగా ఏమీ ఉండదు, కాస్త దాహంగా ఉంటుంది.

చాలాసేపటికి ఆయన తల ఎత్తకుండానే అడిగాడు, "ఇందులో ఉన్నది నేనేనా?"

"మీరే" అంది ఆమె. "పేరు వెయ్యలేదు."