నీటి వంతు నాడు సినిమా

ఆ రోజు నఈమా వాళ్ల కాలువకు నీటి వంతు. కాని కైరో నుంచి వచ్చిన సినిమావాళ్లకు ఎండిన కాలువ కావాలి. అందుకని ఊరిపెద్ద ఉమ్దా తూము మూయించాడు.

నఈమా మొక్కజొన్న చేను ఆకులు ముడుచుకుని నిలబడి ఉంది. ఇవాళ తడి అందకపోతే కంకి పట్టదు.

సినిమా కథా నీళ్ల గురించేనట. జమీందారు నీళ్లు ఆపేస్తే ఆడవాళ్లు తిరగబడి తూము పగలగొడతారట. దానికోసం కాలువలో చెక్కతో ఉత్తుత్తి తూమొకటి కట్టి, ఊరి ఆడవాళ్లను నల్లబట్టల్లో గట్టున నిలబెట్టారు. ఊరి కావలివాడు షలబీకి సినిమాలోనూ కావలివాడి వేషమే. వరసకి నఈమా మేనమామ కొడుకు.

"బావా, అసలు తూము పలక జానెడు పైకెత్తు. నీకు పుణ్యముంటుంది" అంది నఈమా.

"ఉమ్దా నా తోలు వలుస్తాడే. కెమెరా ముందు కొట్టు, పడిపోతా. పడితే మధ్యాహ్నం మాంసం పెడతారట."

"పడుండటం నీకు కొత్తేంటి? ఉమ్దా గుమ్మంలో రోజూ చేసే పనేగా!"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

దర్శకుడు కేకేశాడు. అందరూ ఉత్తుత్తి తూము మీదికి ఉరికారు. నఈమా మాత్రం దాన్ని దాటి అసలు తూము దగ్గరికి పరుగెత్తి, పలక పట్టి లాగింది. నీళ్లు బుసబుసమంటూ కాళ్లకు తగిలాయి. షలబీ పడలేదు. కర్రతో ఆమె మణికట్టు మీద ఒక్కటేశాడు. పలక దభీమని కిందికి దిగింది.

"భలే చేసింది! కాని కెమెరాకి అందలేదు. ఇటు వచ్చి మళ్లీ చెయ్యమ్మా" అన్నాడు దర్శకుడు.

ఉమ్దా అతిథుల వైపు చూసి నవ్వి, షలబీతో మెల్లగా అన్నాడు: "వచ్చే వంతుకీ దాని చేనికి నీళ్లెళ్లే బోదె తెరవకు."

నఈమా మొగుడు అబ్దెల్ మౌగూద్ పరుగున వచ్చి ఉమ్దా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. "ఆడది, బుద్ధి తక్కువది, క్షమించు అయ్యా."

ఉమ్దా చెయ్యి వెనక్కి తీసుకుని తన పొడవాటి అంగీ గలాబియాకు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి వంతు దాటిపోయింది, నీళ్లు దిగువ ఊరికి మళ్లాయి. చొప్పైనా గేదెకు పనికొస్తుందని నఈమా వాచిన చేతితోనే కొడవలి పట్టుకుని చేలోకి దిగింది. మొగుడు వచ్చి పట్టి ఆపాడు.

"కొయ్యొద్దన్నారే. ఎండిన చేను బాగుందట. రేపు వచ్చి సినిమాలోకి తీస్తారట."

"ఎవరన్నారు?"

"దర్శకుడు అడిగాడు. ఉమ్దా సరేనన్నాడు."

నఈమా గట్టున కూలబడింది. గేదె చేను వైపు మెడ చాచి అరుస్తుంటే, అబ్దెల్ మౌగూద్ దాని పలుపు పట్టుకుని ఇంటివైపు లాగాడు.