కట్టలో గుచ్చిన పార

మెల్డోర్ఫ్ పట్నం రాజు చేత చిక్కాక అక్కణ్ణుంచి పారిపోయి వచ్చినవాళ్లలో వీబ్కె తన చెల్లెలి కోసం వెతికింది. చెల్లెలు లేదు. చెల్లెలి కోడలు ఆంకె ఒక్కతే వచ్చింది.

“నడవలేనివాళ్లను చర్చి గుమ్మంలోనే నరికేశారు, పెద్దత్తా. రాజు కిరాయి దండు నవ్వుకుంటూ మన పందుల్నే కాల్చుకు తింటోంది.”

ఆ సముద్ర తీరపు రైతులకు దొర లేడు. అదే వాళ్ల నేరం. పొరుగు రాజు పన్ను కట్టమన్నాడు, వీళ్లు కట్టం పొమ్మన్నారు. చలికాలం నేల గడ్డకట్టి గుర్రాలకు దారి ఇస్తుందని దండెత్తాడు. తీరా వచ్చాక గాలి మళ్లింది. మంచు కరిగి వాన పట్టుకుంది.

పశువుల కొట్టంలో సభ అరుపులతో అదిరిపోతోంది.

“వాళ్లు మనకు ఎన్నో రెట్లు! ఎదురు నిలిస్తే పిండైపోతాం.”

“కట్ట తూము తెరిచి సముద్రాన్ని పొలాల్లోకి పిలుద్దాం!”

పెద్దరైతు డెట్లెఫ్ లేచాడు. “ఉప్పునీళ్లెక్కితే ఏళ్లతరబడి గడ్డి మొలవదు. ముందు మునిగేది వీబ్కె పొలం. ముసల్దాన్ని బిచ్చమెత్తుకోమంటారా?”

అందరూ ఆమె వైపు తిరిగారు. సముద్రాన్ని ఆపే ఆ కట్టకు పడ్డ గండి పూడుస్తూనే ఆమె మొగుడు కొట్టుకుపోయాడు. మిగిలింది ఆ పొలం, కొడుకు రైమర్.

“నువ్వు వద్దంటే వద్దే అమ్మా,” అన్నాడు రైమర్.

“డెట్లెఫూ, నీ జాలి నామీదా, నీ పల్లపు చేలమీదా?” అంది వీబ్కె. కొట్టమంతా గొల్లున నవ్వింది.

ఆమె మొగుడి పార తీసుకుని కట్ట మీదికి నడిచింది. జనమంతా వెనకే. పారను తూము పక్కన బలంగా గుచ్చింది. ఆ తీరపు ఆచారంలో దానికి మాట అక్కర్లేదు: ఈ కట్ట కాయలేను, ఈ పొలం ఇక నాది కాదు. పార పీకినవాడిదే పొలం, కట్ట కాపలా కూడా వాడిదే.

తూము తెరిచారు.

తెల్లారగానే రైమర్ కాలవలు దూకే గెడ అందుకున్నాడు.

“మేజోళ్లు వేసుకోరా, చలి.”

“బురదలో మేజోళ్లేంటమ్మా? వట్టికాళ్లే మేలు.”

ఆమె చెయ్యి ఎత్తేసరికి గెడ ఊతతో కాలవ దాటేశాడు. వెనక్కి చూడలేదు.

ఇరుకు బాటలో రాజు సైన్యం ఒకరినొకరు తోసుకుంటూ వచ్చింది. రెండు పక్కలా నీళ్లు పెరిగాయి. ఫిరంగులు కూరుకుపోయాయి. ఇనప కవచాల దొరలు గుర్రాలతో సహా కాలవల్లో పడ్డారు. రైతులు గెడలతో గట్టు నుంచి గట్టుకు దూకుతూ మీద పడ్డారు.

“దిగండి దొరలూ! మా నేల మెత్తన!”

ఆ పిడికెడు మంది గెలిచారు. రైమర్ గెడ మాత్రమే ఇల్లు చేరింది. వీబ్కె మేజోళ్లు చేతిలో పట్టుకునే ఉంది.

నీళ్లు తీశాక పొలం తెల్లగా ఉప్పుబారింది, తూము అవతల కట్టకు గండి పడింది. పార అలాగే నిలబడి ఉంది. డెట్లెఫ్ వచ్చి దాని పిడి పట్టుకున్నాడు. “ఎవరో ఒకరు కాయాలిగా.”

అతని చేతి పక్కన ఆంకె చెయ్యి వేసింది. కూలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి పట్టుకున్నారు.

“అందరూ కలిసి పీకే చట్టం లేదు,” అన్నాడు డెట్లెఫ్.

“రాజు లేకుండా బతికే చట్టం మాత్రం ఉందా?” అంది ఆంకె. “రా పెద్దత్తా, నువ్వూ పట్టు.”

వీబ్కె మేజోళ్లు నడుముకు దోపుకుంది. అందరి చేతుల కింద తన చెయ్యి పెట్టింది. పార ఊడివచ్చింది.

“రాజు మళ్లీ వస్తే?” ఎవరో అడిగారు.

“మళ్లీ తెరుస్తాం,” అంది వీబ్కె, కాలవ అవతలి గట్టు చూస్తూ. “ముందు ఈ గండి పూడ్చండి. పోటు వేళయింది.”