స్పీకరు పెట్టెలో బియ్యం

కాలేజీ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, కుక్కర్లోకి బియ్యం తీద్దామని చూస్తే పాత డ్రమ్ము ఖాళీగా బోర్లించి ఉంది. "బియ్యం ఏవి అత్తమ్మా?" అని అడిగింది పద్మలత. మల్లక్క టీవీ మీంచి చూపు తిప్పకుండానే మూలకు చెయ్యి చూపించి మురిపెంగా అంది.

"అగో, నీ డబ్బల పోసిన బిడ్డా. ఇన్నొద్దులకు ఒక పనికొచ్చే వస్తువు చేసినవ్."

మూలన పద్మలత స్పీకరు పెట్టె వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. స్పీకరు బిగించడానికి కోయించిన గుండ్రటి కంతకు పెద్ద స్టీలు పళ్లెం కొలిచినట్టు సరిపోయింది. లోపల నిండుగా బియ్యం, పురుగు పట్టకుండా నడుమ వేపాకు రెమ్మలు. వైరు కోసం వెనక పెట్టిన చిన్న బెజ్జంలో గుడ్డపేలిక. శుక్రవారం కదా, చెక్కకు పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టింది అత్త.

ఆ చెక్క విరిగిపోయిన దివాన్‌ది. పొయ్యిలోకి పోవలసిన దాన్ని పద్మలత అడ్డంపడి ఆపింది. మట్టెవాడ వడ్రంగి యాకయ్యతో కంత కోయిస్తే, "ఏందమ్మా, కుక్కపిల్లలకు గూడా?" అని నవ్వాడు. మిగతాదంతా తనే చేసుకుంది, ఆదివారాల్లో, డాబా మీద, బట్టలు ఆరేశాక దిగిపోకుండా అక్కడే ఉండిపోయి. జిగురు పెట్టి తాళ్లతో బిగించింది. సాండ్‌పేపర్ రుద్ది రుద్ది వేళ్లు మొద్దుబారితే చపాతీ వేడి కూడా తెలిసేది కాదు. పెళ్లికి ముందు కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటార్ బీరువా మీద ఏళ్ల తరబడి దుమ్ము తిన్నది. దానికి ఆంప్లిఫయరు, స్పీకరు పెళ్లి బ్యాండు మానేసినవాళ్ల దగ్గర దొరికాయి. పెట్టె లేని స్పీకరు ముక్కుతో మాట్లాడుతుంది, పెట్టెలో కూర్చుంటేనే దానికి గొంతు వస్తుంది. రేపు తాను పనిచేసే కాలేజీలో వార్షికోత్సవం. స్టాఫ్ తరఫున ఆమె వాయించాలి. పెళ్లయ్యాక నలుగురిలో వాయించడం ఇదే మొదలు.

ఈ ఇంట్లో తనదనుకున్నది ఏది మిగిలింది? చదువుకోవడానికి తెచ్చుకున్న బల్ల ఇస్త్రీ బల్ల అయింది. పొద్దున్నే ఒక్కతే టీ తాగే మెట్టు మీదికి చెప్పుల స్టాండు వచ్చింది. లాక్కుని ఉంటే ఏడ్చో పోట్లాడో తెచ్చుకునేది. వీళ్లు మెచ్చుకుని మరీ వాడుకున్నారు. భర్త శ్యాంసుందర్ అయితే చుట్టాలందరి ముందూ అనేవాడు: "మా ఆమెకు గిటార్ పిచ్చి. నేనెన్నడన్న వద్దన్ననా?" చుట్టాలు ఆయన మంచితనానికి తలలూపేవారు. నిజమే, వద్దనలేదు. ఆమె రంపం పట్టినప్పుడు చెక్కకు ఒక కొస పట్టుకోనూ లేదు. పిల్ల జ్వరం, మామ తద్దినం, ఇంటెడు గిన్నెలు, ఇవన్నీ పోగా మిగిలిన ఆదివారమే ఆమెది. ఆ మిగులునే భర్త ఇచ్చిన వరమనుకుని ఇన్నేళ్లూ మురిసిపోయినందుకు పద్మలతకు ముందు తన మీదే ఒళ్లు మండింది.

"అత్తమ్మా, రేపు తెల్లారేసరికి ఆటో వస్తది. స్పీకరు ఇప్పుడే బిగియ్యాలె. బియ్యం తీసేస్త."

మల్లక్క మొహం మాడ్చుకుంది. "శుక్రారం పొద్దుగూకంగ లచ్చిమిని కిందబోస్తవా? ఇల్లు ఏం గావాలె?"

లోపలి గదిలో మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న శ్యాంసుందర్ అక్కడి నుంచే కలగజేసుకున్నాడు. "అమ్మను జర బాధపెట్టకు పద్మా. ప్రోగ్రామేముంది, వచ్చేయేడు గూడ ఉంటది. మంచిరోజు చూసి తీద్దాం. నేను నిన్ను వద్దంటలేను కద."

పద్మలత చేతిలో కుక్కర్ గిన్నె ఉంది. పెట్టె మీది పళ్లెం తీసి పక్కన పెట్టింది. తర్వాత ఆ గిన్నెతోనే బియ్యం తోడి టబ్బులోకి పోసింది. టబ్బు లోపలికి మోసుకెళ్లి, శ్యాంసుందర్ పక్కన ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద కుమ్మరించింది.

"ఏందిది?" అన్నాడాయన కాళ్లు ముడుచుకుని.

"కిందబోయొద్దన్నరు కద. పైననే పోస్తున్న."

రెండో టబ్బుకు ఆయన గోడకు జరిగాడు. మూడో టబ్బుకు లేచి నిలబడ్డాడు. మల్లక్క గడపలోకొచ్చి వంగి నేలంతా వెతికింది. ఒక్క గింజా కింద పడలేదు.

పద్మలత పెట్టెను నిలబెట్టి పేలిక లాగేసింది. బొట్టు తుడవలేదు. స్పీకరును కంతలో దించి, స్క్రూలు బిగించి, వైరు కలిపి, గిటార్ తీగ మీటింది. ఇల్లంతా గుయ్యిమంది. పెట్టె మూలల్లో ఇరుక్కున్న గింజలు లోపల గలగలలాడాయి. మళ్లీ విప్పి దులపాలని ఆమెకు తెలుసు. ముందు ఇంకోసారి మీటింది.

శ్యాంసుందర్ ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "మంచిగనే మోగుతాంది. మరి వంట?"

పద్మలత ఇంకో తీగ మీటింది.

"బియ్యం మీ మంచం మీదనే ఉన్నయ్. వండుకోండ్రి. నేనెన్నడన్న వద్దన్ననా?"