రోజుకొక పుస్తకం

మా అమ్మాయి హంపమ్మకు ఇంక పన్నెండు రోజులే గడువు. ఆలోగా ఒక ఇంగ్లీషు కవి మీద అరవై పుటల వ్యాసం రాసి పంపకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, దాంతోపాటు చదువూ ఆగిపోతుంది. ఎమ్మిగనూరులో మగ్గాన్ని మరిదికి అప్పజెప్పి, అమ్మాయికి తోడుగా కర్నూలు వచ్చి గది తీసుకున్నదాన్ని. అది పది నిమిషాలు ఆలస్యంగా వస్తే బస్సు కింద పడిందనుకుంటాను. దగ్గితే క్షయ అనుకుంటాను. ఈసారి మాత్రం నా భయం నిజమే అయింది. ఆ కవిని గురించి కాలేజీ లైబ్రరీలో ఉండవలసిన ఐదు పుస్తకాలూ లేవు.

లైబ్రరీ పెత్తనం లెక్చరర్ గోపన్న గారిది. అమ్మాయి పోయి అడిగితే, “రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయినప్పుడు ఆఫీసు కాయితాలతో కలిసి అవీ లారీ ఎక్కిపోయినాయి” అన్నాడట. అంతటితో ఊరుకోక పదిమంది ముందర, “నేసేటోళ్ళ పిల్లకు ఇంగ్లీషు కవిత్వం ఎందుకమ్మా? పోయి నూలు కండెలు చుట్టుకోపో” అన్నాడట. అది ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నాకా మాట కడుపులో నిప్పులా కూర్చుంది.

అయినా కావలసింది పుస్తకాలు. బతిమాలుకుందామని మంచి చీరొకటి సంకన పెట్టుకుని మరునాడు ఆయన ఇంటికి పోయాను. ఆయన లేడు. భార్య లక్ష్మీదేవమ్మ చీర చూసి మురిసిపోయింది.

“మడత శానా బాగుండాది. ఇది ఇట్లే నిలవాలంటే ఏం చేయాలక్కా?”

“గంజి పెట్టిన కొత్త చీర గదమ్మా, నాలుగు దినాలు బరువు కింద పెట్టు. మా ఇండ్లల్లో రాయి పెడతాం.”

“రాయి యాడ తెద్దును? ఉండు.” లోపలికి పోయి ఐదు లావు పుస్తకాలు తెచ్చి చీర మీద పేర్చింది. “ఆయప్పవి. పదేండ్ల నుంచి ఏందో రాస్తానంటాడు. ఒక్కనాడూ వీటిని తెరిచింది లేదు. బరువుకైనా పనికొస్తాయి.”

పైదాని అట్ట తీశాను. లోపల లైబ్రరీ ముద్ర ఉంది. నేను ఐదో తరగతి దాకా చదివింది తెలుగే. కానీ పుస్తకాల పేర్లు మా అమ్మాయి రాసిచ్చిన చీటీ కొంగుముడిలో ఉంది. అంచు నమూనాకు పోగులు సరిచూసుకున్నట్టు ఒక్కొక్క అక్షరాన్నీ వంపు వంపుగా సరిచూశాను. ఐదుకు ఐదూ అవే.

అంతలో ఆయనే వచ్చాడు. పుస్తకాల మీద నా చెయ్యి చూసి మొహం పాలిపోయింది.

“ఏమప్పా సారూ, లారీ తిరిగొచ్చిందా?” అన్నాను.

“గట్టిగా మాట్లాడద్దమ్మా. తీసుకపో, అన్నీ తీసుకపో.”

తీసుకుని వస్తే అయిపోయేది. కానీ నేను తెస్తే రేపు మా పిల్లకు దొంగతనం అంటగడతాడేమోనని ఒక భయం. అంతకు మించి, కండెలు చుట్టుకోమన్న నోటిని అంత తేలిగ్గా వదలడం నాకు ఇష్టం లేదు.

“ప్రిన్సిపాల్ దగ్గరికి పోనులే. కానీ నువ్వే తేవాల. దినానికి ఒకటి. పది గంటలకు, అందరూ కూర్చున్యాక, మా హంపమ్మ బల్ల మీద పెట్టి ‘చదువుకో తల్లీ’ అనాల. ఐదు దినాలు.”

ఆయన తల ఊపాడు. గురువారం ఒకటి తెచ్చాడు, శుక్రవారం ఒకటి. నేను లైబ్రరీ గుమ్మం బయట నిలబడి చూశాను. ఆ రెండు రోజులూ రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

శుక్రవారం సాయంత్రం అమ్మాయి నా మీద విరుచుకుపడింది. “ఒక పుస్తకంలో ఒకాయన చెప్పింది ఇంకోదాంట్లో ఇంకొకాయన కాదంటాడు. ఐదూ పక్కపక్కన పెట్టుకుంటేనే నేను రాసేది. నీ కసి కోసం నా దినాలు తింటాండావు గదమ్మా!”

 ఆయన మీది కోపంలో పడి పిల్ల గడువు మరిచిపోయాను.

శనివారం ఆయన మూడోది పెట్టి బయటికి రాగానే అడ్డం పోయాను. “మిగతా రెండూ ఇప్పుడే తెచ్చియ్యి సారూ.”

ఆయన నవ్వాడు. “షరతు నీదే గదమ్మా. దినానికి ఒకటి. రేపు ఆదివారం, సోమవారం కూడా సెలవు. మంగళవారం చూద్దాం.”

నేను నేరుగా వాళ్ళ ఇంటి దారి పట్టాను. ఆయన వెనకే పరుగెత్తుకొచ్చాడు. వాకిట్లో నిలబడి, “లక్ష్మీదేవమ్మా! మీ ఆయన దాచిపెట్టిన లైబ్రరీ పుస్తకాలు ఇంకా రెండు ఉండాయి. నా బిడ్డ చదువు పోతాండాది!” అని అరిచాను. పక్కింటి ఆడవాళ్ళు గోడ మీదుగా తొంగి చూశారు.

ఆమె ఆ రెండూ తెచ్చింది. నాకివ్వలేదు, మొగుని చేతుల్లో పెట్టింది. “తెరవని పుస్తకాలకు కాపలా ఏంటికి? పో, నువ్వే ఇచ్చిరాపో” అంది.

ఇంకా పదకొండైనా కాలేదు, అప్పుడే ఎండ మండిపోతోంది. ఆయన్ను బజారంతా తిప్పి, కొండారెడ్డి బురుజు చుట్టూ తిప్పి, ఎదురైన ప్రతి ఒక్కరికీ చూపించి తీసుకుపోవాలని ఎంత ఉందో నాకు. కానీ అక్కడ లైబ్రరీలో అమ్మాయి కలం పట్టుకుని కూర్చుని ఉంది. దగ్గరి దారే పట్టాను. అడుగులు పెద్దవి వేశాను. వెనక ఆయన రొప్పు వినబడింది.

“అమ్మా, కొంచెం మెల్లగా,” అన్నాడు.

“మా పిల్లకు గడువుండాది సారూ,” అని ఇంకా వేగం పెంచాను.