జానెడు టేపు

మా బాపు బుచ్చయ్య ఎన్నడూ ఫొటో దిగలేదు. ఆయన చనిపోయాక చూసుకోవడానికి మాకు మిగిలింది అన్న పెండ్లి క్యాసెట్టు ఒక్కటే. అందులో బాపు పందిరి గుంజ దగ్గర నుంచి వస్తాడు, బీడీ ఆర్పుతాడు, ఎవరినో చూసి నవ్వుతాడు, తువ్వాల భుజాన వేసుకుని పక్కకు వెళ్లిపోతాడు. అంతే.

ఏటా పెద్దలను తలుచుకునే పెత్రమాస నాడు జడ్చర్ల నుంచి టీవీ, వీసీఆర్ కిరాయికి తెస్తాం. బాపు పక్కకు వెళ్లగానే అమ్మ "ఆపు" అంటుంది. ఆపుతాం. ఆ క్యాసెట్టును అట్లాగే తీసి గూట్లో పెట్టి, గడపకు పెట్టినట్టు దాని ముందటి మూతకు పసుపు, నూనెలో కలిపిన కుంకుమ పెడుతుంది. పెద్దల బువ్వ కూడా దాని ముందే.

తొంభై మూడులో క్యాసెట్టు గరగరమని ఇరుక్కుపోయింది. బొమ్మ రాలేదు. అమ్మ ఆ పూట తినలేదు. మరునాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి జడ్చర్లలో వీసీఆర్లు బాగుచేసే మియా దుకాణానికి పోయాం.

మియా క్యాసెట్టును తిప్పి చూసి, వాసన పట్టాడు.

"గిండ్ల తాలింపు గిట్ల పెట్టిండ్రా అమ్మా?"

"బొట్టు పెట్టిన."

"అరె, గిది మిషన్ల తిరిగే సామాను. దేవుడు కాదు."

"మా ఇంటాయన గిండ్లనే ఉన్నడు భయ్యా" అంది అమ్మ.

మియా మళ్లీ పరాచికమాడలేదు.

ఐదు మరలు విప్పి పై డబ్బా ఎత్తాడు. రెండు చక్రాలు, వాటికి చుట్టుకున్న నల్లటి పట్టీ. ఒక చుట్టును వేలితో లేపి వెలుగుకు పట్టాడు. నున్నగా మెరిసింది. ఒక్క గీత లేదు. పెండ్లి, బాజాలు, ఊరి జనం, ఆర్పిన బీడీ పొగ, అన్నీ అందులోనేనట.

"కండ్లకు కానరాడు తమ్మీ. ఉన్నడు గని" అన్నాడు మియా. "చక్రాలు తీసి కొత్త డబ్బల ఏస్త. కాకపోతే మూతకాడి జానెడు నూనెకు మడతవడి అతుక్కపోయింది. గది కోయాలె."

"జానెడంటే ఎంతసేపు?" అన్నాను.

"ఎనిమిది సెకండ్లు, తొమ్మిది."

అమ్మ బల్ల మీద చెయ్యి పరిచి జాన కొలుచుకుంది.

"ఆయన మొత్తం ఎన్ని జానలుంటడు?"

మియా నా వైపు చూశాడు. అర నిమిషం కనబడతాడన్నాను. "మూడో నాలుగో ఉంటడమ్మా."

"నవ్వుడు పోతదా?"

"మీరు ఆపిన జాగనే మూతకాడ ఉంటది. యాడ ఆపుతరో నాకేమెరుక?"

అమ్మ బల్ల మీది చెయ్యి తీసేసింది. తర్వాత "కొయ్యి" అని మొహం తిప్పుకుంది.

కత్తెర చప్పుడే కాలేదు. మియా రెండు కొసలనూ సన్నటి పట్టీతో అతికి, కొత్త డబ్బాలో బిగించి, దుకాణంలోని వీసీఆర్‌లో పెట్టాడు. కొంచెం వెనక్కి తిప్పాడు.

పందిరి వచ్చింది. గుంజ వచ్చింది. బాపు వచ్చాడు. బీడీ ఆర్పాడు. నవ్వాడు, నవ్వంతా ఉంది. తువ్వాల భుజం దాకా లేచింది. తెర మీద తెల్లటి గీత ఒకటి పోయింది. అంతలోనే భోజనాల బంతి.

"ఆయన పోలేదు" అంది అమ్మ.

మియా వేలు మీట మీదే ఉంది. "ఆపాల్నా అమ్మా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. బాపు చనిపోయినప్పటి నుంచి, టేపులో ఆయన పక్కకు వెళ్లాక ఏముందో మేం చూడనే లేదు. బంతిలో కూర్చున్నవాళ్లు విస్తర్లు సర్దుకుంటున్నారు.