ఫ్యాను చప్పుడేదీ?

సోమవారం పొద్దున ఏడింటికి అమ్మకి ఆపరేషను. గొంతులో స్వరపేటిక మొత్తం తీసేస్తామన్నారు డాక్టరు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక రాదు అని నెమ్మదిగా, మా ముగ్గురికీ విడివిడిగా అర్థమయ్యేలా చెప్పారు. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"కుట్టుకోవచ్చాండీ?"

ఆయన కాస్త తికమకపడి, "కుట్లు మేమే వేస్తాం కదమ్మా" అన్నారు.

"మా ఆవిడ టైలరండీ" అన్నాడు నాన్న. "మిషను తొక్కొచ్చా అని అడుగుతోంది."

నెల తర్వాత నిక్షేపంగా తొక్కుకోవచ్చన్నారు. అప్పటికే అమ్మ మాట సగం మాట, సగం గాలి. గరగరమని, ఇసక మీద చీపురు ఈడ్చినట్టు ఉండేది.

అమ్మ మాట పోతే అందరికంటే ఎక్కువ నష్టపోయేది నాన్న. నీటికాసులొచ్చి ఆరేళ్ళ కిందట ఆయనకి చూపు పోయింది. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేశాడు. రేడియో మాస్టారంటే మా వీధిలో ఇప్పటికీ తెలియనివాళ్ళు లేరు. చూపు పోయాక కొన్నాళ్ళు చేతికర్ర పట్టుకుని చూశాడు గానీ అది ఇంటి బయటికే. ఇంట్లో ఆయన్ని నడిపించింది అమ్మ గొంతు. మిషను మీంచి తల ఎత్తకుండానే చెప్పేది. "ఎడమకి. ఇంకో అడుగు. స్టూలుంది, చూసుకోండి." కళ్ళు లేనివాణ్ణి చూసుకోమంటుందేంటని నేను నవ్వితే, "ఆయనకి అర్థమవుతుందిలే, నువ్వు నీ పని చూసుకో" అనేది.

కంప్యూటరు ఆలోచన అమ్మదే. నా దగ్గర పాత కీబోర్డు ఒకటి పడుంది. దాంట్లో నాన్న ఒక్కో మీట నొక్కితే ఒక్కో రికార్డింగు మోగేలా పెట్టగలనా అని అడిగింది. పెట్టగలనన్నాను. బట్టలు కత్తిరించడానికి వాడే గోధుమరంగు కాగితం మీద సుద్దతో వరసగా రాసింది. గ్యాసు సంగతి, వీధి తలుపు గొళ్ళేలు, బాత్రూంలో తడి, మందుల పెట్టెలో పై వరస పొద్దుటివి, కింది వరస సాయంత్రానివి. ఎనిమిదోది, "అరవకండి, వినపడుతోంది." మొత్తం పద్నాలుగు అంకెలు వేసి పదమూడింటికే మాటలు రాసింది. పద్నాలుగో దాని పక్కన ఖాళీ.

"అదేంటమ్మా?" అని అడిగాను.

"అది ఆ టైముకి ఏం తోస్తే అది."

మీటల మీద తన డబ్బాలోంచి గుండీలు తీసి అతికించింది. గ్యాసుకి నాలుగు చిల్లుల కోటు గుండీ, మందులకి చిన్న చొక్కా గుండీ, గొళ్ళేనికి టిచ్‌ బటన్. నాన్న ఒక పూటలో అన్నీ వేళ్ళకి నేర్పేసుకున్నాడు.

నిజానికి నేను ముందు, నా గొంతుతో చదివేస్తాను, నీకెందుకు శ్రమ అన్నాను. నాన్న ఒప్పుకోలేదు.

"నీ గొంతుతో చెప్తే నేను ఆలోచించుకుని నడవాలమ్మడూ. మీ అమ్మ చెప్తే కాళ్ళే వెళ్తాయి."

ఫోనులో రికార్డు చేసి వినిపించాను. అదీ నచ్చలేదు. "ఇది మీ అమ్మ కాదు. రేకు డబ్బాలో కూర్చుని మీ అమ్మ గురించి ఎవరో చెప్తున్నారు" అన్నాడు. అమ్మ నవ్వబోతే దగ్గొచ్చింది. సరే, నేను పనికి వాడే మంచి మైకుంది, కంప్యూటర్లోనే రికార్డు చేద్దాం అనుకున్నాం. ఆస్పత్రి తిరుగుళ్ళతో వారమంతా గడిచిపోయి, శనివారం పొద్దున గానీ కుదర్లేదు. చేతిలో ఉన్నవి రెండే రోజులు.

నేనొక పార్సిళ్ళ కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తాను. పార్సిలు రాలేదని ఫోన్లు చేసేవాళ్ళకి జవాబు చెప్పాలి. నా బల్ల వసారాలో, అమ్మ మిషను పక్క గదిలో. మధ్యలో తలుపు లేదు, కర్టెను ఒకటే.

అమ్మని నా కుర్చీలో కూర్చోబెట్టి మైకు ముందు పెట్టాను. అమ్మ గొంతు సవరించుకుని, "ఏమండీ, గ్యాసు కట్టేశారా?" అంది. రికార్డు ఆపి మళ్ళీ పెట్టాను.

ఏమీ లేదు. చెవి ఒగ్గి వింటే మధ్యలో ఎక్కడో "...సు..." అని ఒక ముక్క. మళ్ళీ ఏమీ లేదు.

స్పీకరు తప్పనుకున్నాను. పాట పెడితే ఇల్లంతా మోగింది. మైకు మూసి ఉందేమోనని చూశాను, లేదు. దాని వాల్యూము వందకి పెంచాను. పిన్ను ముందు చిల్లులోంచి తీసి వెనక చిల్లులో గుచ్చాను. కంప్యూటరు ఆపి వేశాను. మైకు తాలూకు సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించాను. ఆఫీసువాళ్ళిచ్చిన పాత హెడ్‌సెట్ అటక మీంచి దింపి, దుమ్ము దులిపి పెట్టాను. ప్రతిసారీ అమ్మ అదే మాట, "ఏమండీ, గ్యాసు కట్టేశారా?" అనేది. ప్రతిసారీ కంప్యూటరు నోరు కుట్టేసినట్టు ఊరుకునేది.

"నువ్వు మాట్లాడి చూడు" అన్నాడు నాన్న.

"హలో, ఒకటి, రెండు, మూడు" అన్నాను. గంట కొట్టినట్టు వచ్చింది. నాన్న మాట్లాడాడు, అదీ వచ్చింది. అమ్మదే రావట్లేదు.

ఇంట్లో చప్పుళ్ళు అడ్డొస్తున్నాయేమోనని ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను. కిటికీలు మూశాను. పైవాటావాళ్ళింటికెళ్ళి, గంటసేపు కుర్చీలు లాక్కోకండని బతిమాలి వచ్చాను. మళ్ళీ మొదలుపెట్టాం. అదే తంతు. తొమ్మిదోసారో పదోసారో అయ్యాక అమ్మ హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"దానికి కూడా తెలిసిపోయినట్టుందే. ఇది మనిషి గొంతు కాదని" అంది. ఆ ముక్క అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

"పనిముట్టుని ఆడిపోసుకోకు" అన్నాడు నాన్న.

"దాన్నెవరంటున్నారు. నన్నంటున్నా."

లేచి వెళ్ళి మిషను దగ్గర కూర్చుంది గానీ తొక్కలేదు. ఎవరివో పిల్లల యూనిఫారం చొక్కాలు, కాలర్లు కుట్టాల్సినవి, ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తోంది. నాకు కంప్యూటర్ని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. తెలిసినవాళ్ళెవరికైనా ఫోను చేద్దామా అంటే, నాన్న చెయ్యి ఊపి వద్దన్నాడు. రేడియో కొట్లో ఉన్నప్పుడు ఆయనకో పద్ధతుండేది. పాడైంది ఎక్కడో వెతికేవాడు కాదు. బాగున్నదాన్నే ముందు వినేవాడు.

"నీ హలో ఉందిగా, మళ్ళీ పెట్టు."

పెట్టాను. కుర్చీ స్పీకరు దగ్గరికి జరుపుకుని, తల వంచి విన్నాడు.

"ఇంకోసారి."

పెట్టాను.

"ఒకటికీ రెండుకీ మధ్య ఏముంది?"

"ఏమీ లేదు నాన్నా. నేను ఊపిరి తీసుకున్నాను."

"ఊపిరేదీ?"

మళ్ళీ పెట్టి విన్నాను. ఊపిరి లేదు.

"సరే, అది పక్కన పెట్టు. ఫ్యాను ఆపావా?"

తలెత్తి చూశాను. అన్నీ ఆపాను గానీ, కిటికీలు మూసేశాక అమ్మకి ఉక్కపోస్తుందని ఫ్యాను ఉంచేశాను. మా వసారా ఫ్యాను మామూలుది కాదు. తిరిగినప్పుడల్లా కటక్‌మంటుంది. నాన్నే ఎప్పుడో దాని బుష్ మార్చాలనుకుని, మార్చలేక వదిలేశాడు.

"లేదు, తిరుగుతోంది."

"మరి ఇందులో ఫ్యాను చప్పుడేదీ?"

మళ్ళీ పెట్టాను. ఒకటి. రెండు. మూడు. మాటలు శుభ్రంగా, ఉతికి ఆరేసినట్టున్నాయి. ఫ్యాను లేదు.

"ఏమీ లేకుండా ఏ గదీ ఉండదమ్మడూ. తలుపులు మూసిన గోడౌన్లో కూడా ఏదో ఒకటి ఉంటుంది. పాత టేపుల్లో అయితే మాటకీ మాటకీ మధ్య బుస్సుమనేది, ఆ బుస్సు పోగొట్టడానికే ముప్ఫై ఏళ్ళూ తల బాదుకున్నా. ఇక్కడెవరో కత్తెర పెట్టి కత్తిరించేస్తున్నారు. ఫ్యాన్ని కత్తిరిస్తున్న కత్తెరే మీ అమ్మనీ కత్తిరిస్తోంది. గరగరమనేదంతా దానికి చప్పుడే. ఆ కత్తెరెక్కడుందో చూడు."

చూడక్కర్లేదు. నాకు అప్పటికే గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట మా సూపర్‌వైజరు నా ఫోన్లు కొన్ని విని పిలిపించింది. 'మీ వెనక ఏదో ఫ్యాక్టరీ నడుస్తున్నట్టుంది, కస్టమర్లు అడుగుతున్నారు' అంది. అమ్మ మిషను. మిషనుతో పాటు, అప్పుడప్పుడే మొదలైన దగ్గు. సిగ్గేసింది నాకు. ఆ సాయంత్రమే ఎవరినో అడిగి చిన్న ప్రోగ్రాము ఒకటి ఎక్కించాను. మనిషి మాట ఉంచి, మిగతా చప్పుళ్ళన్నీ తీసేస్తుంది. కంప్యూటరు వేయగానే అదీ తనంతట తను మొదలవుతుంది. ఒకసారి టిక్కు పెట్టి మర్చిపోయాను. దాని ఆకుపచ్చ చుక్క రెండేళ్ళుగా తెర మూలన నా ఎదురుగానే ఉంది.

అమ్మకి అప్పట్లో ఏం చెప్పలేదు. నా ఫోను టైములో మిషను ఆపబోతే, "పర్లేదు, కుట్టుకో, వాళ్ళకి వినపడదు" అన్నాను. "మంచి మైకు కొన్నావే" అని మెచ్చుకుంది.

"దొరికిందా?" అన్నాడు నాన్న.

"దొరికింది. నేనే పెట్టాను నాన్నా."

కర్టెను పక్కకి జరిగింది. అమ్మ గుమ్మంలో నిలబడింది, చేతిలో సగం కుట్టిన కాలరుతో. అబద్ధం చెప్పేస్తే పోయేది, కంప్యూటర్‌తోనే వచ్చిందంటే నమ్మేస్తారు ఇద్దరూ. కానీ ఈ రెండు రోజులు పోతే అమ్మతో నేను ఏం మాట్లాడినా తిరిగి మాట రాదు. చెప్పేశాను. సూపర్‌వైజరు అన్నదీ, నేను సిగ్గుపడ్డదీ.

అమ్మ చేతిలోని కాలరు మడత పెట్టింది.

"మిషను వినపడకూడదనా," అంది, "నేనా?"

"రెండూ."

తల ఊపింది. కోపం లేదు ముఖంలో. కొలత ఎక్కడ తప్పిందో తెలిసినప్పుడు టేపు చుట్టుకుంటూ ఊపుతుందే, అలా.

"తీసెయ్ మరి. చూస్తావేం" అంది. వచ్చి నా కుర్చీలో కూర్చుని, హెడ్‌సెట్ తనే పెట్టుకుంది.

టిక్కు తీసేశాను. రికార్డు మొదలుపెట్టాను. "ఏమండీ, గ్యాసు కట్టేశారా?" అంది అమ్మ. ఆపి, మళ్ళీ పెట్టాను.

ముందు ఫ్యాను వచ్చింది, కటక్, కటక్. వీధిలో స్కూటరేదో వెళ్ళింది. అమ్మ ఊపిరి తీసుకోవడం, కుర్చీ కిర్రుమనడం. ఆ తర్వాత, గీరుకుపోయి, ఒరుసుకుపోయి, అచ్చం అమ్మ.

"ఏమండీ, గ్యాసు కట్టేశారా?"

నాన్న లేచాడు. లేచి, చెయ్యి చాపకుండా, గోడ తడమకుండా, వంటింట్లోకి నడిచాడు. గ్యాసు మీట ఆపి ఉందో లేదో తిప్పి చూసిన చప్పుడు మా ఇద్దరికీ వినపడింది. అమ్మ ఇక్కడే, నా పక్కనే కూర్చుని ఉంది, నోరు మెదపకుండా. ఆయన నడిచిన వైపే చూస్తూ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కట్టేసే ఉందే" అని కేకేశాడు అక్కణ్ణుంచి.

ఆ రోజు నాలుగే అయ్యాయి. నాలుగోదానికి అమ్మ గొంతు పూర్తిగా కూర్చుండిపోయింది. గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ, పూట పూటకీ రెండేసి, మూడేసి చొప్పున, ఆదివారం సాయంత్రానికి పదమూడు పూర్తిచేసింది. ఎనిమిదోది, "అరవకండి" అనేది, మూడుసార్లు చెప్పించాడు నాన్న. సరిగ్గా కోపం రాలేదట.

మిగిలింది పద్నాలుగు. గుండీ కూడా అతికించలేదు దాని మీద. అమ్మ మైకు ముందు కూర్చుంది. నేను రికార్డు మొదలుపెట్టాను. నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పెదాలు కదిలాయి. ఏం చెప్పబోయిందో పక్కనే ఉన్న నాకూ తెలియలేదు.

"రానప్పుడు వదిలెయ్యవే" అన్నాడు నాన్న. "బలవంతం చెయ్యకు."

అమ్మ లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఏడుస్తుందేమోనని నేను లేవబోయాను. మిషను మొదలైంది. రేపటికల్లా ఇచ్చేస్తానని మాటిచ్చిన యూనిఫారాలు, ఆరో ఏడో మిగిలాయి. మిషను గబగబా పరిగెత్తి, మూల దగ్గర ఆగి, రెండు కుట్లు నెమ్మదిగా వేసుకుని, మళ్ళీ పరిగెత్తింది.

నేను రికార్డు ఆపబోయాను.

"ఆపకు" అన్నాడు నాన్న.

కాలరు పూర్తయ్యేదాకా, అమ్మ పళ్ళతో దారం తెంపేదాకా అలాగే ఉంచాను. పద్నాలుగో మీట మీద ఏం అతికించాలని అమ్మని అడిగితే, డబ్బాలో వెతికి, మిషనులో దారం చుట్టే ఖాళీ బాబిన్ ఒకటి తీసి ఇచ్చింది.

ఆస్పత్రిలో ఇరవై రెండు రోజులున్నాం. నాన్నని చూసుకోవడానికి పిన్ని వచ్చింది గానీ, ఆయన తన పనులు తనే చేసుకుంటున్నాడని, పొద్దస్తమానం ఏదో ఒక గుండీ నొక్కుతూ ఉంటాడని, అవసరం లేకపోయినా నొక్కుతున్నాడని ఫోనులో చెప్పేది.

ఇంకో నెల పోయాక నేను మళ్ళీ పనిలో చేరాను. అమ్మ మెడకి పల్చటి రుమాలు కట్టుకుని, మిషను దగ్గర కూర్చుంది. నాన్న గుమ్మం పక్కన. ఇప్పుడు ఎడమకి వెళ్ళమనాలంటే అమ్మ కత్తెరతో మిషను బల్ల మీద ఒకసారి కొడుతుంది. కుడికైతే రెండు.

మొదటి ఫోనే ఒక పెద్దాయన. పది రోజులైనా పార్సిలు రాలేదని కోపంగా ఉన్నాడు. నంబరు చెప్పమన్నాను. సగం చెప్పి ఆగాడు.

"ఏంటమ్మా ఆ చప్పుడు? మీ వెనక ఏదో ఆడుతోంది."

తెర మూలన చుక్క బూడిదరంగులో ఉంది. నా మాట ఆగడంతో పక్క గదిలో మిషను ఒక్క క్షణం ఆగింది. కర్టెను పక్కకి లాగి, అమ్మకి కానీమన్నట్టు తల ఊపాను.

"మా అమ్మ కుడుతోందండి" అన్నాను. "మిగతా నంబరు చెప్పండి, రాసుకుంటున్నాను."