ఉప్పుజాడీలో నాన్న భయం

మరిడమ్మపేటలో పొద్దున్నే జనం గుమిగూడేది రెండు చోట్ల. ఒకటి ఒడ్డున చేపల వేలంపాట దగ్గర, రెండోది గున్నమ్మ అరుగు దగ్గర. చేపల దగ్గర ఎవరి మాటా ఎవరికీ వినపడదు. గున్నమ్మ అరుగు దగ్గర మాత్రం అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు, అక్కడికొచ్చేది భయం తీయించుకోవడానికి కాబట్టి.

పెద్ద తతంగమేమీ ఉండదు. గున్నమ్మ చెవి వెనకాల పసుపూ ఉప్పూ రాసి, బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది. చెవిలోంచి భయం ఆమె అరచేతిలోకి జారిపడుతుంది. చూడ్డానికి నానబెట్టిన బాదంపప్పులా ఉండి, కాసేపు గిలగిల కొట్టుకుంటుంది. దాన్ని ఉప్పుజాడీలో వేసి మూత మీద రాయి పెడుతుంది. దడుచుకున్న పిల్లల్నీ, అత్తారింట్లో బెంగపడ్డ కోడళ్లనీ అక్కడికే తీసుకొస్తారు. హెడ్మాస్టరు జగన్నాధం గారు కూడా ఇన్‌స్పెక్షన్ భయం పడలేక వచ్చి తీయించుకున్నారు. అప్పట్నుంచీ ఆయన స్కూలు రిజిస్టర్లు ముట్టుకుంటే ఒట్టు.

ఎవరికైనా ఒక చెవిలోంచే తీస్తుంది గున్నమ్మ. రెండు చెవుల్లోంచీ తీసింది ఒక్క ధనరాజ్‌కే.

ధనరాజ్ తులసి నాన్న. పోయినేడు తుపానులో అతనూ, బావమరిది యుగంధరూ వేటకెళ్తే తెప్ప బోల్తా పడింది. తెల్లారాక ధనరాజ్ ఒక్కడే ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. యుగంధర్ని అల లాక్కుపోయిందన్నాడు, అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇక ఇసుక మీద కాలు పెడితేనా! పెరట్లో బిందెడు నీళ్లు ఒంపిన చప్పుడికే మంచం కిందకి దూరేవాడు. పోయిన తమ్ముడి కోసం ఏడవడానికైనా తీరిక లేకుండా తులసి తల్లి తవిటమ్మ చేపల గంప నెత్తినెత్తుకుని ఊళ్లు తిరిగింది. చివరికి మొగుణ్ణి గున్నమ్మ దగ్గరికి నడిపించుకెళ్లింది. ఒక వైపు తీస్తే సరిపోలేదు, రెండో వైపూ తీయమని బతిమాలింది. మర్నాడే ధనరాజ్ ఈలేసుకుంటూ వేటకెళ్లాడు. తవిటమ్మ కొబ్బరికాయ కొట్టింది. తులసి కూడా ఎంతో సంబరపడింది.

తులసికిప్పుడు పదో తరగతి. ఆ రోజు మెదడు పాఠం. ఝాన్సీ మేడం గజపతినగరంలో వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. సముద్రం సంగతి ఆవిడకి తెలీదు గానీ, పాఠం చెప్పిందంటే కళ్లకి కట్టినట్టుంటుంది. సంతలో కొన్న మేక మెదడుని స్టీలు టిఫిన్ బాక్సులో తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మాయమ్మయితే దీన్ని మిరియాలేసి ఏపేస్తాది మేడం," అన్నాడు వెంకీ.

"పాఠం అయ్యాక పట్టుకుపోదువు గానీ, ముందు చూడు. ఈ ముడతల ముద్ద పెద్ద మెదడు. ఆలోచనలు దీని పని. వెనకాల ఈ చిన్నది అనుమస్తిష్కం. ఊగే తెప్ప మీద నిలబడి మీ నాన్నలు వల విసరగలుగుతున్నారంటే దీని చలవే. కింద ఈ కాడ ఉంది చూశారా, ఇది మనం నిద్రపోయినా గుండెనీ ఊపిరినీ కనిపెట్టుకుని ఉంటుంది."

తర్వాత బోర్డు మీద తలకాయ బొమ్మ గీసి, చెవులకి సూటిగా లోపల రెండు పక్కలా రెండు బాదంపప్పులు గీసింది.

"గున్నమ్మ జాడీలోయి!" అని క్లాసంతా ఒక్కసారిగా అరిచింది.

"అవే. వాటి పేరు అమిగ్డలా. తాచుపాము కనబడితే మీరు ఆలోచించి గెంతుతారా? ఆలోచన వచ్చేలోపే ఇది గుండెని పరిగెత్తిస్తుంది, కాళ్లని ఎగరేస్తుంది. అందుకే దీన్ని కాపలాదారు అనుకోండి."

తులసి నిలబడింది.

"మేడం, రెండూ నేకపోతే ఏటవుతాది?"

"విదేశంలో ఒకావిడకి జబ్బు చేసి రెండూ పాడైపోయాయి. పాముల్ని చేత్తో పట్టుకోబోయేది. ఒకడు ఆవిడ పీక మీద కత్తి పెట్టాడు. మర్నాడు మళ్లీ అదే దారిన నడిచి వెళ్లింది. ధైర్యం ఉండి కాదు. వెళ్లకూడదని చెప్పేది లోపల ఏదీ లేక."

అప్పుడే బయట ఆటోలో మైకు వినబడింది. వాయుగుండం ముదిరింది, ఎవరూ వేటకెళ్లొద్దు, తెప్పలూ బోట్లూ పైకి లాక్కోండి అని సచివాలయం వాళ్లు చాటుతున్నారు.

"తులసీ, మీ నాన్న వల సర్దతన్నాడే. వచ్చినప్పుడు సూసినాను," అన్నాడు వెంకీ.

తులసి పుస్తకాలు వదిలేసి గుమ్మం వైపు కదిలింది. మేడం ఆమె మొహం చూసి, "పరిగెత్తు," అంది.

ధనరాజ్ వాకిట్లో వల భుజానికెత్తుకుంటున్నాడు. ఆకాశం తారు రంగుకి తిరిగింది.

"నాన్నా, ఎల్లకు. అందరూ తెప్పలు పైకి లాగేస్తన్నారు."

"మంచిదే కదేటి? సేపలన్నీ మనయే," అని నవ్వాడు.

"సచ్చిపోతావు నాన్నా!"

"పోతే పోతాను," అన్నాడు ధనరాజ్. చద్దన్నం అయిపోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

"గున్నమ్మ కాడికెల్దుము రా. నీ బయం నీకెట్టించేస్తాను."

"ఎందుకే? హాయిగా ఉన్నాను." కూతురి తల నిమిరి ఒడ్డుకేసి నడిచాడు. భయం లేని మనిషికి భయం లేకపోవడం గురించి ఏమని చెప్పి భయపెట్టాలో తులసికి తోచలేదు.

గున్నమ్మ అరుగు మీద జాడీ గడగడలాడుతోంది. ముసలామె దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది.

"పొద్దుట్నుంచీ ఇదే గోలే. మీ అయ్యవే." మూత తీసింది. తక్కినవన్నీ ఉప్పులో కదలకుండా పడున్నాయి. రెండు మాత్రం ఒడ్డున పడ్డ చేపల్లా ఎగిరెగిరి పడుతున్నాయి.

"మా నాన్నకెట్టేయి గున్నమ్మప్పా!"

"అడిగినోల సెవిలోకే ఎల్తాది. ఆడు అడగడు. నానేటి సేసేది?"

తులసి జాడీ మీదకి వంగింది. ఆ రెండింటినీ చూస్తేనే ఒళ్లు జలదరిస్తోంది. "నానడుగుతన్నాను," అంది.

"ఓలమ్మా! నీయి నీకున్నాయి. ఇవి కూడా ఎల్తే తట్టుకోనేవు."

తులసి వినలేదు. జాడీలో చెయ్యి పెట్టి వాటిని తీసి చెవుల దగ్గర పెట్టుకుంది. అవి చల్లగా లోపలికి జారాయి.

అంతే, చుట్టూ చీకటి కమ్మింది. నోటి నిండా ఉప్పునీళ్లు. విరిగిన తెప్ప దుంగ ఒకటి, అది ఇద్దర్నీ మొయ్యలేకపోతోంది. అరచేతిలో యుగంధర్ మావ చెయ్యి ఉంది. "బావా, వదలకు," అంటున్నాడు. దుంగ మునుగుతోంది. ఆ చేతి వేళ్లు ఒక్కొక్కటే విప్పుతున్నది ఆమె చెయ్యే.

తులసి అరుగు మీంచి దొర్లిపడి, లేచి పరిగెత్తింది. సముద్రం హోరు దగ్గరయ్యే కొద్దీ కాళ్లు చచ్చుపడిపోతున్నాయి. తడి ఇసుక దగ్గర కూలబడి, మోకాళ్ల మీద దేకుతూ నీళ్ల దాకా వెళ్లింది. ధనరాజ్ తెప్పని అప్పటికే అల మీదకి నెట్టాడు. పైన బోట్లు లాగుతున్నవాళ్లు కేకలేస్తున్నారు గానీ కిందకి దిగే సాహసం ఎవరికీ లేదు.

"మావ సెయ్యి!" అని అరిచింది తులసి. "మావ సెయ్యి వదిలేస్తన్నాను నాన్నా!"

ధనరాజ్ తిరిగి చూశాడు. ఆ మాట లోకంలో అతనొక్కడికే తెలుసు. తవిటమ్మకి కూడా చెప్పలేదు. తెప్ప తాడు వదిలి, నడుములోతు నీళ్లలోంచి మామూలుగా నడిచొచ్చి కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అవునే, నానే వదిలినాను. అయితే ఏటి?" అన్నాడు.

తులసి పళ్లు టకటకలాడుతున్నాయి, కళ్లు తేలేస్తోంది. అతను ఆ పిల్ల మొహాన్ని చేతుల్లోకి తీసుకుని చూశాడు. అది తను మంచం కింద పడుకున్నప్పటి మొహం. అది చూసినా అతనికి భయం కలగలేదు. కానీ పిల్ల తనదన్న సంగతి మాత్రం మరిచిపోలేదు.

"ఇది నీకెందుకే? నాది నాకిచ్చేయి. నానడుగుతన్నాను," అన్నాడు.

సముద్రపు ఉప్పు అంటిన వేళ్లతో ఆమె చెవుల వెనక నొక్కాడు. అరచేతుల్లోకి జారిన తన రెండు పప్పుల్నీ తన చెవులకి అదుముకున్నాడు.

తులసికి ఊపిరాడింది. ధనరాజ్‌కి ఆగిపోయింది. గొంతు చించుకుని బావమరిది పేరు పెట్టి ఒక్క కేక పెట్టాడు, ఇన్నాళ్లుగా ఏడవాల్సిన ఏడుపంతా అందులో ఉంది. వెనకాల అల లేచి ఖాళీ తెప్పని ఎత్తి బోర్లేసింది. దాని నురగ వచ్చి తులసి పాదాలకి తగిలింది.

ధనరాజ్ అది చూశాడు. ఒళ్లంతా వణుకుతూనే ఎగిరి పిల్ల రెక్క దొరకబుచ్చుకున్నాడు.

"నీకు బుద్ధుందేటే! నీల్ల కాడికి నిన్నెవుడు రమ్మన్నాడే!" అని బూతులు తిడుతూ, ఏడుస్తూ, ఇసుకలో పడుతూ లేస్తూ ఊళ్లోకి ఈడ్చుకుపోయాడు. అతని వేళ్లు బిగుసుకుని తులసి చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. వదలమని ఆమె అడగలేదు.